అడ్మిషన్ వచ్చింది, మరి డబ్బో?

ఆదివారం ఉదయం మన ఇళ్ళల్లో ఫోను మోగిందంటే అది ఇండియా నించే అని వేరే చెప్పక్కరలేదు. కుశల ప్రశ్నలయ్యాక, వానల సంగతి, ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో, ఎవరికి మోకాలి ఆపరేషన్ అయిందో అన్నీ అయ్యాక, ఇంక ఫోను పెట్టేస్తారనగా అసలు మాట బయటికి వస్తుంది. "ఒరే, మనవాడికి అక్కడ అడ్మిషన్ వచ్చిందిరా. నువ్వు అక్కడే ఉన్నావుగా, ఏదైనా స్కాలర్‌షిప్పు చూసి పెట్టు." ఈ మాట వినని కుటుంబం మన సంఘంలో ఒక్కటి కూడా ఉండదనుకుంటాను.

"చూసి పెట్టు" అనడంలో ఒక నమ్మకం ఉంది. స్కాలర్‌షిప్పు ఎక్కడో అలమారాలో ఉంటుందనీ, ఇక్కడున్నవాడు కాస్త ఒళ్ళు వంచి లేచి తీసి ఇస్తే చాలుననీ. ఈ నమ్మకానికి సగం బాధ్యులం మనమే. సెలవులకి వెళ్ళినప్పుడు మనం చెప్పే కథలు అలాంటివి. "2003 ఆగస్టులో రెండు సూట్‌కేసులతో, పదిహేను వందల డాలర్లతో దిగాను. రెండో సెమిస్టరుకల్లా అసిస్టెంట్‌షిప్ వచ్చింది. ఆ తరువాత నాన్నగారి చేత ఒక్క పైసా పంపించుకోలేదు." ఈ కథ నేను కనీసం యాభై ఇళ్ళల్లో చెప్పి ఉంటాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. కాని చెప్పకుండా వదిలేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవి వదిలేసినందువల్ల మా బాబాయి ఎకరం పొలం పోయింది.

మా బాబాయిది తెనాలి దగ్గర పల్లెటూరు. కాలవ కింద రెండున్నర ఎకరాలు. వరి, వరి కోశాక మినుము. కొడుకు కంప్యూటర్ సైన్సులో ఇంజనీరింగు పూర్తి చేశాడు. 2014లో ఇక్కడ ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.కి అడ్మిషన్ వచ్చింది. బాబాయి ఫోను చేసి అడిగితే నేను పెద్ద తెలిసినవాడిలా, "ఏం ఫరవాలేదు బాబాయ్, మొదటి సెమిస్టరు మాత్రం మీరు చూసుకోండి. తరువాత వాడే సంపాదించుకుంటాడు. నేను అలాగే కదా చదివింది!" అన్నాను. ఆయన బ్యాంకు మేనేజరు చెప్పింది వినలేదు, నా మాట విన్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చి కుర్రవాడిని విమానం ఎక్కించాడు.

నేను చెప్పని సంగతి ఇది. నేను చదివింది సివిల్ ఇంజనీరింగు. మా డిపార్టుమెంటులో ఆ సంవత్సరం ఎం.ఎస్.లో చేరినవాళ్ళం పదిహేనుమందిమి. మొదటి సంవత్సరం పిల్లలకి సర్వేయింగు లాబ్, మెటీరియల్స్ లాబ్ చెప్పడానికి మనుషులు కావాలి, అంతమందిమీ లేము. అందుచేత నన్ను పిలిచి ఇచ్చారు. మా తమ్ముడు చేరిన కంప్యూటర్ సైన్సు డిపార్టుమెంటులో ఎం.ఎస్. విద్యార్థులే నాలుగు వందల మంది పైన. ఉన్న టీచింగ్ అసిస్టెంట్‌షిప్పులన్నీ పీహెచ్‌డీ వాళ్ళకి ముందు, మిగిలితే తరువాత. మిగలవు. వాడు మొదటి నెలలోనే రెజ్యూమె పట్టుకుని ప్రొఫెసర్ల గదుల చుట్టూ తిరిగాడు. ఒక పెద్దమనిషి వీడిని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "బాబూ, ఈ వారం నువ్వు ముప్ఫయ్యోవాడివి" అన్నాడట.

చివరికి కేంపస్ డైనింగ్ హాలులో పళ్ళాలు కడిగే పని దొరికింది, వారానికి 20 గంటలు. ఎఫ్-1 వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో కేంపస్‌లో అంతకు మించి చెయ్యకూడదు. మొదటి విద్యాసంవత్సరం బయట ఉద్యోగం చెయ్యనే కూడదు. ఆ డబ్బు అద్దెకీ తిండికీ సరిపోయింది గాని ఫీజుకి సరిపోలేదు. నేనూ కొంత సర్దాను. మేము అప్పుడే ఇల్లు కొన్నాం కనుక సర్దవలసినంత సర్దలేకపోయాను. మూడో సెమిస్టరు ఫీజు కట్టవలసి వచ్చేసరికి బాబాయి కాలవ పక్క ఎకరం అమ్మాడు. తమ్ముడు పాసయ్యాడు, ఉద్యోగం వచ్చింది, అప్పు తీరుస్తున్నాడు. పొలం మాత్రం మళ్ళీ కొనలేకపోయాడు. ఇప్పుడు అక్కడి ధరలకి కొనడం నా తరం కూడా కాదు. మా పిన్ని నాతో ఇదివరకటి లాగానే మాట్లాడుతుంది. అదే నాకు కష్టంగా ఉంటుంది.

ఆ తరువాత నేను ఈ విషయం కాస్త శ్రద్ధగా తెలుసుకున్నాను. పాతికేళ్ళ కిందటి సొంత అనుభవం చెప్పి ఊరుకోకుండా, డబ్బు అసలు ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతిలో ఉంటుంది, ఎప్పుడు పంచుతారు అని.

మన తెలుగులో స్కాలర్‌షిప్‌కి పాత మాట ఉపకార వేతనం. ఎవరు పెట్టారో గాని ఆ మాటలో ఉపకారం, వేతనం రెండూ ఉన్నాయి. అమెరికాలో పై చదువులకి దొరికేది చాలావరకు రెండోదే. పేదవాడని జాలిపడి ఇచ్చేది కాదు, మార్కులు చూసి మురిసిపోయి ఇచ్చేది కూడా అంతగా లేదు. పని ఉంది, ఆ పనికి మనిషి కావాలి, మనిషికి జీతం. దానితోపాటు ట్యూషన్ ఫీజు పూర్తిగా గాని కొంత గాని మాఫీ, చాలాచోట్ల ఆరోగ్య బీమా. ఇదే అసిస్టెంట్‌షిప్. పాఠం చెప్పడమో పేపర్లు దిద్దడమో అయితే టీచింగ్ అసిస్టెంటు, ప్రొఫెసరు ప్రాజెక్టులో పని చేస్తే రీసెర్చ్ అసిస్టెంటు.

టీచింగ్ డబ్బు విశ్వవిద్యాలయం సొంత బడ్జెట్‌లోది. బి.ఎస్. మొదటి సంవత్సరంలో వందలమంది ఏ సబ్జెక్టులు చదువుతారో అక్కడ ఎక్కువ ఉంటుంది. లెక్కలు, కెమిస్ట్రీ, ఫిజిక్సు, బయాలజీ. మన ఊళ్ళల్లో "ఎమ్మెస్సీ మాథ్స్ చేసి ఏం లాభం" అని చప్పరించేస్తారు గాని, పూర్తి ఖర్చులతో పీహెచ్‌డీకి రాగలిగినవాళ్ళలో అలాంటి ఎమ్మెస్సీ పిల్లలు చాలామంది ఉన్నారు. రీసెర్చ్ డబ్బు వేరు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్, నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్, వ్యవసాయ శాఖ లాంటి సంస్థలకి ప్రొఫెసరు దరఖాస్తు పెట్టుకుని గ్రాంటు తెచ్చుకుంటాడు. ఆ గ్రాంటు బడ్జెట్‌లోనే ఒక విద్యార్థి జీతం, ఫీజు అని పద్దు వ్రాసి ఉంటుంది. అంటే ఆ విద్యార్థి ఎవరో తేల్చేది ముఖ్యంగా ఆ ప్రొఫెసరే. అడ్మిషన్ ఆఫీసు వాళ్ళని ఎన్నిసార్లు అడిగినా లాభం లేనిది ఇందుకే. డబ్బు వాళ్ళ దగ్గర లేదు.

ఇంకో పెద్ద తేడా, నేను 2014లో పట్టించుకోనిది, థీసిస్ ఉన్న ఎం.ఎస్.కీ లేని ఎం.ఎస్.కీ ఉన్న తేడా. క్లాసులు మాత్రమే చదివి డిగ్రీ పుచ్చుకునే ఎం.ఎస్., ముఖ్యంగా కంప్యూటర్ సైన్సు, డేటా సైన్సు, బిజినెస్ ఎనలిటిక్స్ లాంటివి, విశ్వవిద్యాలయానికి ఆదాయం తెచ్చే చదువులు. ఖర్చు పెట్టి చదివిస్తారనుకోవడం మన పొరపాటు. థీసిస్ వ్రాసే ఎం.ఎస్. అయితే ఎవరో ఒక ప్రొఫెసరు పని సాగాలి కనుక డబ్బు ఉండే అవకాశం ఉంది. వ్యవసాయం, ఆహార శాస్త్రం, నేల, నీరు, అడవులు, కొన్ని ఇంజనీరింగు శాఖల్లో ఇది ఇప్పటికీ మామూలే. పీహెచ్‌డీ అయితే మంచి డిపార్టుమెంట్లు డబ్బు లేకుండా సీటు ఇవ్వవు. డబ్బు లేకుండా సైన్సులోనో ఇంజనీరింగులోనో పీహెచ్‌డీ సీటు ఇచ్చారంటే సంతోషించే ముందు ఎందుకని ఆలోచించాలి.

ఇక "కంగ్రాచ్యులేషన్స్" అని వచ్చే ఉత్తరాలు. మొన్న ఒక మిత్రుడు తన మేనల్లుడికి వచ్చిన ఉత్తరం గర్వంగా చూపించాడు. మెరిట్ స్కాలర్‌షిప్, సంవత్సరానికి 4,000 డాలర్లు. అడుగున చిన్న అక్షరాలలో ఫీజు సంవత్సరానికి 31,000. మన బట్టల కొట్లలో ఆషాఢం డిస్కౌంటు బోర్డుకీ దీనికీ నాకు తేడా కనిపించలేదు. తీసుకోవద్దని అనను. అది తగ్గింపు అని తెలిసి తీసుకోవాలి. అడ్మిషన్ రాగానే పండగ చేసుకునేవాళ్ళకి మన పెద్దవాళ్ళ మాట ఒకటుంది కదా, ఇల్లు అలకగానే పండగ కాదని.

మా తమ్ముడి చెల్లెలి సంగతికి వస్తాను. ఆ అమ్మాయి బాపట్ల వ్యవసాయ కళాశాలలో బి.ఎస్‌సి. చదివింది. 2021లో "అన్నయ్యా, నేనూ వస్తాను" అన్నప్పుడు బాబాయి ఒక్కటే మాట అన్నాడు, "అమ్మడానికి ఇంక ఎకరంన్నరే ఉంది, అది మీ పిన్నికి తిండిగింజలు." ఈసారి నేను ఏమీ ధైర్యం చెప్పలేదు. డబ్బు వస్తే రావడం, రాకపోతే అక్కడే ఎమ్మెస్సీ చెయ్యడం అని ముగ్గురం ముందే అనుకున్నాం.

ప్రొఫెసర్లకి వ్రాయమన్నాను. మొదటి ఉత్తరం నాకు పంపించింది. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంటరెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ యూనివర్సిటీ" అని మొదలుపెట్టి, పదో తరగతి మార్కుల దగ్గర నించి వ్యాసరచన పోటీలో బహుమతి దాకా రెండు పేజీలు. మనందరం ఒకప్పుడు వ్రాసిన ఉత్తరమే అది. నేను అడిగాను, "అమ్మా, ఈ ఉత్తరంలో ఆయన పేరు తీసేసి ఇంకొకరి పేరు పెడితే ఏమైనా మారుతుందా?" మారదంది. అలాంటి ఉత్తరాలు ఆయనకి రోజుకి పది వస్తాయి, చదవడు.

"నీకు నిజంగా ఏం తెలుసు?" అని అడిగితే చాలాసేపు ఆలోచించి, "వేరుశనగ తెలుసు" అంది. బాపట్ల చుట్టుపక్కల ఇసుక నేలల్లో వేరుశనగ వేస్తారు. ఆఖరి సంవత్సరంలో పల్లెటూళ్ళల్లో ఉండి పని నేర్చుకునే కోర్సులో ఈ అమ్మాయి రైతుల పొలాల్లో ఆకుమచ్చ తెగులు లెక్కలు వేసింది, ఏ రైతు ఎన్నిసార్లు మందు కొట్టాడు, ఎంత దిగుబడి వచ్చింది అని నోటు పుస్తకంలో వ్రాసుకుంది. అదే తెగులు అమెరికా దక్షిణ రాష్ట్రాల వేరుశనగనీ పీడిస్తుంది. దాని మీద పని చేసే ప్రొఫెసర్లు జార్జియా చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఉన్నారు. వాళ్ళు వ్రాసిన పేపర్లు చదివింది. పది పన్నెండు వాక్యాల ఉత్తరం తయారయింది. మీ ఫలానా పేపరు చదివాను, అందులో ఈ మాట నాకు అర్థం కాలేదు, మా ఊళ్ళల్లో నేను చూసింది ఇలా ఉంది, 2022 ఆగస్టుకి మీ దగ్గర విద్యార్థికి జీతంతో అవకాశం ఉందా అని. చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడింది. అడగనిదే అమ్మయినా పెట్టదన్నాను.

మొత్తం 41 ఉత్తరాలు వ్రాసింది. ఆరుగురు జవాబిచ్చారు. ఇద్దరు వీడియోలో మాట్లాడారు. ఒకరు, దక్షిణాదిలో చిన్న ఊళ్ళో ఉన్న విశ్వవిద్యాలయం ఆయన, గ్రాంటు ఉంది, దరఖాస్తు పెట్టు అన్నాడు. ఆ ఊళ్ళో ఇండియన్ సరుకుల కొట్టు కావాలంటే గంటన్నర కారులో వెళ్ళాలి. ర్యాంకుల పట్టికలో ఆ విశ్వవిద్యాలయం పేరు కోసం మా తమ్ముడు చాలా కిందికి వెళ్ళవలసి వచ్చింది. ఎవరో బంధువు "అదేం యూనివర్సిటీ, ఎప్పుడూ వినలేదే" అన్నాడు కూడా. రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్, ఫీజు మాఫీ, బీమా. విమానం టిక్కెట్టు మా తమ్ముడు కొన్నాడు. 2024లో ఎం.ఎస్. అయి, అక్కడే పీహెచ్‌డీలో చేరింది.

రికమెండేషన్ ఉత్తరాల దగ్గర చిన్న ఇబ్బంది వచ్చింది. ఒక లెక్చరరు గారు "నువ్వే వ్రాసుకురామ్మా, సంతకం పెడతాను" అన్నారు. మన దగ్గర ఇది ఆచారం. తప్పని ఆయనకి ఎవరు చెప్తారు? ఆ అమ్మాయి తన నోటు పుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, "సార్, నేను చేసిన పని ఇది, మీకు ఏం తోస్తే అది మీరే వ్రాయండి" అంది. ఆయన పావు పేజీ వ్రాశారు. ఇంగ్లీషు అంత బాగులేదు. పొలంలో ఎండకి తొమ్మిది వారాలు నిలబడిన పిల్ల అని ఒక వాక్యం ఉంది. ప్రొఫెసరు తరువాత ఆ వాక్యం గురించే అడిగాడట.

నెలల లెక్క కూడా తెలుసుకోవాలి. ఈ దీపావళి సంచిక మీ చేతికి వచ్చే సమయానికి పీహెచ్‌డీ గడువులు నెత్తి మీద ఉంటాయి. చాలాచోట్ల డిసెంబరు మొదట్లోనో జనవరిలోనో. మార్చి, ఏప్రిల్‌లో దరఖాస్తు పెట్టినవాడికి అడ్మిషన్ రావచ్చు గాని అప్పటికి డబ్బు పంపకం అయిపోయి ఉంటుంది. డబ్బుతో పిలుపు వచ్చినవాళ్ళు తెలుసుకోవలసినది ఏప్రిల్ 15. ఇక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ళలో చాలా భాగం చేసుకున్న ఒప్పందం ప్రకారం, ఆర్థిక సహాయంతో వచ్చిన పిలుపుకి ఆ తేదీ లోపల జవాబు చెప్పమని విద్యార్థిని బలవంతం చెయ్యకూడదు. "రెండు రోజుల్లో తేల్చు" అని ఎవరైనా తొందర పెడితే ఆ తేదీని మర్యాదగా గుర్తు చెయ్యవచ్చు. అసిస్టెంట్‌షిప్ ఉత్తరం ఉంటే ఐ-20 మీద నిధులు విశ్వవిద్యాలయం ఇస్తున్నట్లే వ్రాస్తారు. వీసా ఇంటర్వ్యూలో నాన్నగారి ఫిక్సెడ్ డిపాజిట్లు, మావయ్య గారి స్థలం కాగితాలు పరచవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2025లో ఇక్కడ కేంద్ర ప్రభుత్వ పరిశోధన నిధులకి కోతలు పడ్డాయి, కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, ఇచ్చిన పిలుపులు వెనక్కి తీసుకున్న చోట్లు కూడా ఉన్నాయి. కనుక మాట్లాడే ప్రొఫెసరుని "గ్రాంటు ఎన్నేళ్ళు ఉంది?" అని అడగడం తప్పు కాదు. అడిగితే ఏమనుకుంటాడో అని ఊరుకోకూడదు.

ఇండియాలోనే దొరికే డబ్బు సంగతి మనలో చాలామందికి తెలియదు. జంషెట్జీ టాటా 1892లో పెట్టిన జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇప్పటికీ నడుస్తోంది. రాష్ట్రపతిగా చేసిన కె.ఆర్. నారాయణన్ గారు లండన్‌లో చదివింది ఆ సహాయంతోనే. అయితే పేరు స్కాలర్‌షిప్ అయినా అది అప్పు, తిరిగి కట్టాలి. కె.సి. మహీంద్రా ట్రస్టు ఇచ్చేదీ అప్పే, వడ్డీ మాత్రం లేదు. బ్యాంకుకి పది, పన్నెండు శాతం కట్టేవాడికి వడ్డీ లేని అప్పు కూడా ఉపకారమే. ఇన్‌లాక్స్ వాళ్ళు లక్ష డాలర్ల వరకు ఇస్తారు గాని ఇంజనీరింగు, కంప్యూటర్లు, వైద్యం, బిజినెస్ చదువులకి ఇవ్వరు. అంటే మన ఇళ్ళల్లో పిల్లల్లో నూటికి తొంభై మందికి తలుపు మూసినట్లే. చరిత్రో చిత్రకళో చదువుతానన్న పిల్లని ఏడిపించడం మానేసి ఆ దరఖాస్తు ఇప్పించండి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్పులకి 1950లో రెండు దేశాల ఒప్పందంతో పునాది పడింది, దాని కార్యాలయం హైదరాబాదులో కూడా ఉంది. అందులో మాస్టర్స్‌కి ఇచ్చేది కొద్ది సబ్జెక్టులకే, ఉద్యోగానుభవం ఉన్నవాళ్ళకే. ప్రతి సంవత్సరం ప్రకటన చూసుకోవాలి.

షెడ్యూల్డు కులాలు, సంచార జాతులు, భూమి లేని వ్యవసాయ కూలీలు, చేతివృత్తుల కుటుంబాల పిల్లలకి కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. సంవత్సరానికి 125 మంది, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు, 60 శాతం మార్కులు. ఇది అప్పు కాదు. ఫీజు, నెలవారీ ఖర్చు, విమానం టిక్కెట్టు అన్నీ వాళ్ళే. గిరిజన విద్యార్థులకి ఇలాంటిదే వేరే శాఖ కింద 20 ఉన్నాయి. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే పేరున వెనుకబడిన తరగతుల నిధి 20 లక్షల వరకు ఇస్తాయి, మైనారిటీలకీ అలాంటి పథకం ఉంది. ఆంధ్రలో పథకం పేరూ షరతులూ ప్రభుత్వాలతో మారుతూ వచ్చాయి. 2022 నాటి పథకం విశ్వవిద్యాలయం ర్యాంకుకి ముడిపెట్టింది. ఇవన్నీ మన ఇళ్ళల్లో పని చేసినవాళ్ళ పిల్లలకీ, మనకి చదువు చెప్పిన మాస్టార్ల ఊళ్ళవాళ్ళకీ అందవలసినవి. సెలవులకి వెళ్ళినప్పుడు మన రెండు సూట్‌కేసుల కథ తగ్గించి ఈ పేర్లు చెప్తే బాగుంటుంది.

అమెరికా ఒక్కటే విదేశం కాదని చెప్పినా మనవాళ్ళు వినరు. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం బయటివాళ్ళకి సెమిస్టరుకి 1,500 యూరోలు, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా వసూలు మొదలుపెట్టింది. అయితే ఒక సంవత్సరం ఖర్చు, 2024 సెప్టెంబరు నించి 11,904 యూరోలు, ముందే ఖాతాలో కట్టి చూపించాలి. ఎరాస్మస్ ముండుస్ అయితే ఇంకా మేలు. రెండు మూడు దేశాలు తిరుగుతూ చదివే మాస్టర్స్, ఎంపికైతే ఫీజు లేదు, నెలకి 1,400 యూరోలు. ఇండియా పిల్లలకి ప్రతి సంవత్సరం మంచి సంఖ్యలో వస్తున్నాయి. ఇంటర్మీడియట్ అయిపోయి నేరుగా ఇక్కడ బి.ఎస్.కి వస్తామనేవాళ్ళకి ఒక్క మాట. డబ్బు ఉందా లేదా అని చూడకుండా విదేశీ విద్యార్థులని చేర్చుకుని, అవసరమైనంతా ఇచ్చే కాలేజీలు వేళ్ళ మీద లెక్కపెట్టాలి: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., ఆమ్‌హర్స్ట్ ఇంకా కొన్ని. అక్కడ సీటు రావడం ఎంత కష్టమో మన ఇళ్ళల్లో పదకొండో తరగతి చదువుతున్న పిల్లలని అడగండి, చెప్తారు.

పరాయి డబ్బుతో విదేశాల్లో చదువుకోవడం మనకి కొత్త కాదు. 1895లో సరోజినీ నాయుడు ఇంగ్లండు వెళ్ళింది నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. 1913లో అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వచ్చింది బరోడా మహారాజు సహాయంతో. మన తెలుగువాడి సంగతి చూడండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో హార్వర్డ్‌కి వచ్చినప్పుడు దన్నుగా నిలిచింది మామగారూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థానూ. ఈ సత్యలింగ నాయకర్ ఎవరనుకున్నారు? రంగూను వెళ్ళి, అక్కడ వ్యాపారంలో సంపాదించి, ఆస్తి దానధర్మాలకి వ్రాసిపెట్టిన తెలుగువాడు. అంటే ఒక ప్రవాసాంధ్రుడి డబ్బు ఇంకొక తెలుగువాడిని సముద్రం దాటించింది. ఆ డబ్బు ఆయనకి పూర్తిగా సరిపోలేదు కూడా. బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేసుకుంటూ చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రకటించారు, 1930లో పీహెచ్‌డీ, ఆ తరువాత లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం, కేన్సరు మందు మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ పరిశోధనలు. మన సంఘంలో డాక్టర్లు ఇప్పటికీ మెథోట్రెక్సేట్ చీటీ వ్రాస్తూనే ఉన్నారు. అందుకు రంగూను డబ్బుకీ కొంత పుణ్యం ఉంది.

ఇది చదివాక మనం ఏం చెయ్యగలమా అని కార్యవర్గంలో మిత్రులతో మాట్లాడాను. పెద్ద పెద్ద స్కాలర్‌షిప్పులు పెట్టే శక్తి మనకి లేదు. కాని రెండు చిన్న పనులు ఉన్నాయి. జి.ఆర్.ఇ., టోఫెల్, ఎనిమిది విశ్వవిద్యాలయాల దరఖాస్తు రుసుములు కలిపితే ఇప్పుడు దాదాపు లక్ష రూపాయలు. పీహెచ్‌డీకి పూర్తి డబ్బు వచ్చే తెలివి ఉండి కూడా ఈ మొదటి లక్ష లేక ఆగిపోయే పిల్లలు ఉన్నారు. సంవత్సరానికి పదిమందికి ఈ ఖర్చు ఇస్తే మన సంక్రాంతి సంగీత విభావరిలో విమానం టిక్కెట్లకన్నా తక్కువే అవుతుంది. (గాయకుల మీద నాకేమీ కోపం లేదు.)

రెండోది మా టెక్సాస్ సంగతి. ఇక్కడి చట్టం ప్రకారం, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివే బయటివాడికి పోటీ మీద కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ వస్తే, వాడు టెక్సాస్ వాడితో సమానంగా తక్కువ ఫీజు కట్టే అర్హత పొందవచ్చు. ఆ వెయ్యి వల్ల సంవత్సరానికి ఎన్నో వేలు తగ్గుతాయి. అయితే మనకిష్టమైనవాడికి మనం చెక్కు వ్రాసి ఇస్తే కుదరదు. విశ్వవిద్యాలయం వారి కమిటీయే ఎంపిక చెయ్యాలి, ఇక్కడివాళ్ళతో పోటీ ఉండాలి, మొత్తం ఎంతమందికి ఈ మినహాయింపు అన్నదానికి పరిమితి ఉంది. అయినా మన సంఘం పేరున ఒక విశ్వవిద్యాలయంలో అలాంటి నిధి ఏర్పాటు చేస్తే, వేసిన డబ్బుకి ఇంత ఫలితం వేరే చోట దొరకదు. ఎవరైనా సొంత మేనల్లుడికే ఇవ్వదలచుకుంటే వేరే దారి ఉంది. ట్యూషన్ ఫీజు నేరుగా విశ్వవిద్యాలయానికి కడితే అది ఇక్కడి గిఫ్టు టాక్సు లెక్కలోకి రాదు, ఎంతైనా సరే. పిల్లవాడి ఖాతాలో వేస్తే 2025 లెక్క ప్రకారం 19,000 డాలర్ల హద్దు, అది దాటితే ఐ.ఆర్.ఎస్.కి కాగితం వ్రాసుకోవాలి.

మొన్న వినాయక చవితికి బాబాయి ఫోను చేశాడు. పక్కింటివాళ్ళ అబ్బాయికి అడ్మిషన్ వచ్చిందిట, నాతో మాట్లాడించమని వాళ్ళు వచ్చి కూర్చున్నారట. నేను నోరు తెరిచే లోపలే అవతల బాబాయి గొంతు వాళ్ళని గట్టిగా అడగడం వినిపించింది. "ముందు ఇది చెప్పవయ్యా, మీవాడిది థీసిస్ ఉన్న ఎమ్మెస్సా, లేనిదా?"